వంటబండి గ్యాసు ఎవరు తిన్నారు?

ఆ రోజుల్లో గ్యాసు పొయ్యి అంటే మా తెనాలి వాళ్ళకి సగం గొప్ప, సగం భయం. అది ఉన్న ఇంటికి పేరంటానికి వెళ్ళిన ఆడవాళ్ళు వంటింటి గుమ్మం దాకా వచ్చి, తొంగిచూసి, లోపలికి మాత్రం అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగేవాళ్ళు. మా మేనత్త అయితే “బాంబుని పక్కలో పెట్టుకుని పప్పు ఉడకబెట్టుకోవడం ఏం సరదానో” అని తేల్చేసింది. (ఆవిడ తేల్చేసిన విషయాలు మా ఇంట్లో మళ్ళీ చర్చకు వచ్చేవి కావు, నేను ఇంట్లో లేనప్పుడు.) సిలిండరు ఇవ్వడం ఒక్కరోజు ఆలస్యమైతే ఇప్పుడు ఏజెన్సీ గుమ్మంలో నిలబడి తగూ పెట్టుకునే నేను, ఆ కాలంలో అదే బాంబుని బండిలో పెట్టుకుని బాపట్ల, రేపల్లె, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను, జీతం తీసుకుని మరీ. తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. అప్పుడు నాకు భయం ఉండేది కాదు. అనుమానం ఉండేది. అందరి మీదా.

బాపట్లలో గృహవిజ్ఞానం చదివి వచ్చిన కొత్తలో దొరికిన సర్కారు ఉద్యోగం అది. మా శాఖకి ఎక్కడినుంచో ఒక పాత వ్యాను చేరింది. ఎవరో దొరలు కుటుంబంతో సహా దేశాలు తిరగడానికి చేయించుకున్న బండట. లోపల మడిస్తే బల్ల, పరిస్తే పడక. చేతులు కడుక్కోవడానికి చిన్న తొట్టి, జాలీ తలుపుల అలమర, రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, బల్ల కింద పెట్టెలాంటి అరలో సిలిండరు. ఊరి మధ్య ఆపి, వెనక తలుపులు బార్లా తెరిచి, తక్కువ ఖర్చులో బలమైన తిండి ఎలా వండుకోవాలో ఆడవాళ్ళకి చేసి చూపించడం మా పని. శాఖ కాగితాల మీద ఆ పథకానికి గుక్కతిప్పుకోలేనంత పేరుండేది. జనం మాత్రం ‘వంటబండి’ అన్నారు. మేం వండిన దాన్ని తినడానికి కూడా మొదట్లో వెనకాడేవాళ్ళు. “మంట నీలంగా ఉందేంటమ్మా, దయ్యం చూపులాగా” అని ఒక ముసలమ్మ నా ముఖం మీదే అడిగింది.

బండికి ముగ్గురం. స్టీరింగు దగ్గర సాయిబుగారు. తెనాలి మనిషి, నెరిసిన గడ్డం. ఇంట్లో ఉర్దూ, రోడ్డు మీద తెలుగు, బండి మొరాయిస్తే రెండూ. సామాను కడగడానికీ నాకు తోడు పడుకోవడానికీ నందివెలుగు నుంచి వచ్చిన పిన్ని. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, అందరికీ పిన్నే. ఆవిడ తోడుంటుందనే మా నాన్న నన్ను గడప దాటనిచ్చారు. ఇక నేను. వండి చూపించడం, వివరించడం, ఎవరైనా కాదంటే వాదించడం నా వంతు. ఈ చివరి పనికి జీతం ఇచ్చేవాళ్ళు కాదు గానీ నేను మనసు పెట్టి చేసింది అదే. సాయిబుగారు నాకు లాయరమ్మ అని పేరు పెట్టారు. మా ముగ్గురి మీదా తెనాలి ఆఫీసులో పెద్దమేడమ్. ఆవిడ గోడ గడియారం చూసి టైము తెలుసుకుని, ఆ గడియారం నిజం చెప్తోందా అని గుమాస్తాని అడిగే మనిషి.

దసరా వెళ్ళాక మొదలైంది గొడవ. ఎప్పుడూ నెలన్నర వచ్చే సిలిండరు సగం రోజులకే చేతులెత్తేసింది. అదీ ఒక ఊళ్ళో తోటకూర పులుసు మరిగే వేళకి. ఆడవాళ్ళంతా చూస్తుండగా మంట ఒకసారి ఎగిరి, నిట్టూర్చి, పోయింది. “చెప్పానా” అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు వాళ్ళు. కొత్త సిలిండరు కోసం ఆఫీసుకి వెళ్తే పెద్దమేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది మంచి శకునం కాదు.

“బండిలో కాపురం పెట్టారా ఏంటి?”

“లేదండి.”

“మరి గ్యాసు ఎవరు తిన్నారు?”

“అదే నేనూ ఆలోచిస్తున్నానండి.”

“ఆలోచించడానికి గ్యాసు అక్కర్లేదుగా. సొంతానికి వండుకుంటున్నారు మీరు. చూడమ్మాయ్, రేపల్లె మహిళామండలి సభకి నేనూ వస్తున్నాను. ఈ కొత్త సిలిండరు అప్పటిదాకా రావాలి. రాలేదా, బండిని పక్క జిల్లాకి పంపించేస్తాను. నువ్వు ఇక్కడే నా ఎదురుగా కూర్చుని ఫైళ్ళు చూసుకుందువుగాని.”

ఆవిడ ఎదురుగా కూర్చోవడం చిన్న శిక్ష కాదు. కానీ నా గుండె జారింది అందుకు కాదు. ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల “ఇక్కడ ఆపండి” అంటే ఆగేది, “ఇక పోదాం” అంటే కదిలేది ఈ ప్రపంచంలో ఏదైనా ఉందంటే అది ఆ బండి ఒక్కటే. మా ఇంట్లో నేను మంచం జరపమన్నా ఎవరూ జరిపేవారు కాదు. పొద్దున్నే కాలవ గట్టు మీద, కిటికీ పక్కన కూర్చుని, రెండు వైపులా వరిచేలు వెనక్కి పోతుంటే, ఈ రోజు ఏ ఊరో నేనే చెప్పాలి. ఆ సుఖాన్ని ఎవరో దొంగ గ్యాసుతో కలిపి తినేస్తుంటే చూస్తూ ఊరుకుంటానా?

దొంగ ఉన్నాడని నాకు సందేహం లేదు. ఎవరన్నదే తేలాలి. సాయిబుగారి దగ్గర తెల్లారేసరికి టీ వాసన వచ్చేది. ఏ ఊళ్ళో టీకొట్టు అంత పొద్దున్నే తెరుస్తారు? పిన్ని చన్నీళ్ళు పోసుకుంటే నడుం పట్టేస్తుందనేది, అయినా నడుం ఎప్పుడూ పట్టినట్టు కనిపించలేదు. మరి వేడినీళ్ళు ఎక్కడ కాచుకుంటోంది? ఇక పిన్నికీ సాయిబుగారికీ నామీద ఉన్న అనుమానం సంగతి నాకు తర్వాత తెలిసింది. “చదువుకున్న పిల్ల, రోజూ ఏదో ఒక కొత్త వంటకం రాసుకుంటూ ఉంటుంది, మన వెనక చేసి చూసుకోదూ” అని వాళ్ళ వాదన. నేను గొప్ప ఉపాయం పన్నాననుకుని పొయ్యి మరల మీద కాటుకతో సన్న గీత పెట్టాను. మర తిప్పితే గీత తప్పుతుంది, దొంగ దొరుకుతాడు. పొద్దున చూస్తే గీత గీతలాగే ఉంది. మామూలు మనిషైతే ఎవరూ తిప్పలేదని అనుకుంటుంది. నేను, తిప్పి మళ్ళీ గీత గీశారని అనుకున్నాను. ఆ రోజు నుంచి కాటుక డబ్బా తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇంతలో నిజాంపట్నం వెళ్ళాం. (అక్కడి జాలరి ఆడవాళ్ళకి చేప ఎలా వండుకోవాలో నేర్పడానికి. నవ్వకండి, పై నుంచి వచ్చిన ఉత్తరువు. వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి చివరిదాకా విని, “ఉప్పు కాస్త తగ్గిందమ్మా” అని మాత్రం అన్నారు.) తిరిగి బాపట్ల దారి పట్టేసరికి, అంతదాకా లీలగా తగిలినా గిన్నెల వాసనేలే అనుకున్న కంపు బండిలో ముదిరింది. కుళ్ళిన ఉల్లిపాయ, ఎండుచేప, ఇంకేదో కలిసిన కంపు. తలుపులు తెరిస్తే తగ్గేది, మూస్తే కమ్ముకునేది. నిజాంపట్నం దిబ్బల మీద ఆరబెట్టిన చేపల్ని ముగ్గురం చూశాం. ముగ్గురిలో ఎవరో ఒకరు పొట్లం కట్టించుకుని బండిలో దాచారు. ఇందులో మా ముగ్గురికీ ఏకాభిప్రాయం ఉంది. ఎవరన్న దగ్గరే తేడా.

“అప్పగారూ, మాకు చేప తినడానికి దాచుకోవాల్సిన పని లేదు, బజారులో కొనుక్కుని తింటాం” అన్నారు సాయిబుగారు, అద్దంలో పిన్నిని చూస్తూ.

“నేనేదో కార్తీకమాసం నోములు పట్టి చాటుగా తింటున్నట్టు మాట్లాడతారేంటి? నాకూ బజారు తెలుసు” అంది పిన్ని, నన్ను చూస్తూ.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఇద్దరి గొంతుల్లో ఏది తడబడుతుందో వింటున్నాను. ఏదీ తడబడలేదు. ఇద్దరూ ఆరితేరినవాళ్ళు అనుకున్నాను.

బాపట్లలో ట్రావెలర్స్ బంగళా ఆవరణలో బండి ఆపుకుని ఉన్నాం. మర్నాడు పొద్దున నేను తల దువ్వుకుంటూ బండి వెనక మెట్టు మీద నిలబడి ఉంటే, పిన్ని ధూపం పళ్ళెంలో నిప్పులు వేసుకుని, ఊదుకుంటూ, పొగలు కక్కుతూ ఇటే వస్తోంది.

“ఆగు పిన్నీ. ఏంటది?”

“సాంబ్రాణి, అమ్మాయ్. బండంతా ఒకటే కంపు. నాలుగు మూలలా చూపిస్తే పోతుంది.”

“పోవడానికేనా తెచ్చావ్?”

“పోవడానికి కాక రావడానికి వేస్తారా సాంబ్రాణి?”

“కంపు పోతే పొట్లం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? మనకున్న సాక్ష్యం అదొక్కటే. లోపలికి తేవద్దు.”

పిన్ని నిలబడిపోయింది. “అంటే నామీద అనుమానమా?”

“నీ ఒక్కదాని మీదే కాదు.”

కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్న సాయిబుగారు తువ్వాలు తీసుకుంటూ అన్నారు, “బాధపడకండి అప్పగారూ, నన్నూ కలిపారు.”

పిన్ని విసురుగా వెనక్కి వెళ్ళి, ఆ పళ్ళేన్ని బంగళా అరుగు మీద దించి, “సాక్ష్యమో సాక్ష్యం, నీ సాక్ష్యంతోనే పడుకో” అంది. ఆవిడ చేతులు కట్టుకుని చూస్తుండగానే పొట్లం పట్టుకోవాలన్న పంతంతో నేను బండిలో దూరి, మోకాళ్ళ మీద వంగి, బల్ల కింద తల పెట్టాను. కళ్ళు నీళ్ళు తిరిగే కంపు. లేచి నిలబడితే అంత లేదు. మళ్ళీ వంగితే ఉంది. చేతికి ఒక వడిలిన నిమ్మకాయ, ఎండిన బంతిపూలు తగిలాయి గానీ చేప అన్నది లేదు. అప్పుడు, బల్ల కింద తల పెట్టుకుని ఉండగానే, నా డిగ్రీ నాకు గుర్తొచ్చింది. ఈ గ్యాసు గాలికంటే బరువు, కారితే నేలబారుగా పరుచుకుంటుంది. దానికి సొంత వాసన ఉండదు, కారితే తెలియాలని ఒక చెడ్డ వాసన కలుపుతారు. పరీక్షలో వచ్చిన ఐదు మార్కుల ప్రశ్న. నాకు నాలుగున్నర వేశారు. ఆ అర మార్కు కోసం మా లెక్చరరుగారితో స్టాఫ్ రూము దాకా వెళ్ళి వాదించాను. ఆవిడ ఎందుకు తగ్గించారో ఆ ఉదయం, మోకాళ్ళ మీద ఉండగా, నాకు అర్థమైంది.

సిలిండరు మర కట్టేసి, (అన్నాళ్ళూ పొయ్యి మరలు మాత్రమే కట్టేవాళ్ళం. కిందికి వంగి అసలు మర కట్టడానికి ముగ్గురికీ బద్ధకం.) తలుపులన్నీ తెరిచి, బయటికి దూకాను.

“పిన్నీ, ఆ నిప్పులు ఇంకా దూరంగా తీసుకెళ్ళు.”

“దూరంగానే ఉన్నాయిగా, నువ్వే పెట్టించావు. చేప దొరికిందా?”

“చేప లేదు. కారుతున్నది గ్యాసు.”

పిన్ని అరుగు మీది పళ్ళెం వైపు చూసింది. బండి వైపు చూసింది. మధ్యలో ఎన్ని అడుగులున్నాయో లెక్కపెట్టుకుంటున్నట్టు కాసేపు పెదవులు కదిలాయి. చెంబెడు నీళ్ళు తెచ్చి నిప్పుల మీద పోసింది. సాయిబుగారు తువ్వాలు భుజాన వేసుకుని, “లాయరమ్మా, మీ అనుమానం చల్లగుండ” అన్నారు. నా జీవితంలో నా అనుమానానికి దొరికిన దీవెన అదొక్కటే.

ఎక్కడ కారుతోందో కనిపెట్టాలి. సాయిబుగారు జేబులోంచి అగ్గిపెట్టె తీశారు. “పుల్ల గీసి దగ్గర పెడితే ఎక్కడుందో ఇట్టే తెలుస్తుందండి.”

“తెలుస్తుంది సాయిబుగారూ. తెలిసిందని చెప్పడానికి మనం ఉండం.”

అగ్గిపెట్టె లాక్కుని బంగళా వాచ్‌మన్ చేతికిచ్చాం. సబ్బు నురగ రాస్తే కారే చోట బుడగలు వస్తాయని కాలేజీలో చెప్పారు. మా దగ్గరున్న సబ్బు చందనం సబ్బు, అదీ అరిగి రేకులా ఉంది. కానీ పిన్ని తలంటుకోవడానికి కుంకుడుకాయలు నానబెట్టి ఉంచింది. చిలికితే పాలమీగడలా లేచింది నురగ. బండిలో గాలి ఆడి కంపు పూర్తిగా పోయాక, పొయ్యి వైపు వెళ్ళకుండా, సిలిండరు మర కొద్దిగా తిప్పి, గుడ్డ పీలికతో ఆ నురగ గొట్టం పొడుగునా పూసుకుంటూ వచ్చాను. ఒక చోట బుడగ లేచింది. పగిలింది. మళ్ళీ లేచింది. అక్కడ రబ్బరు గొట్టానికి సన్నటి ఇనప తీగ బిగించి ఉంది, తీగకి బంతిపూల తొడిమలు.

“ఇదెవరి పని?” అన్నాను.

సాయిబుగారు గడ్డం నిమురుకున్నారు. “దసరాకి ఆయుధపూజ చేశాం కదండీ. బండికి దండ కట్టకపోతే తెనాలి స్టాండులో డ్రైవర్లు నన్ను మనిషిగా చూస్తారా? బయట కట్టాను, లోపల కూడా ఒక చిన్న దండ కట్టాను. దారం ఆగలేదు, తీగతో కట్టాను.”

“అదీ సంగతి” అంది పిన్ని, ఏదో కేసు గెలిచినదానిలా. “నాలుగు ఊళ్ళు తిరిగి నన్ను చేపల దొంగని చేశారు. దొంగ ఎవరో ఇప్పుడు తేలింది.”

ఆవిడ ఆ మాట పూర్తి చేసేలోపే నేను రెగ్యులేటరు సిలిండరుకి బిగిసే చోట నురగ పూశాను. అక్కడ బుడగ కాదు, పాలు పొంగినట్టు పొంగింది. మర కట్టేసి, రెగ్యులేటరు విప్పి చూస్తే, లోపలుండే రబ్బరు వాషరు నిండా పచ్చగా పెచ్చు కట్టి ఉంది. పసుపు. దాని మధ్యలో ఎర్రటి పలుకులు. కుంకుమ. వాషరు ఒక పక్క చీలి ఉంది.

ఈసారి వంతు సాయిబుగారిది. పిన్ని వైపు వినయంగా చూశారంతే.

“ఏం చూస్తారు? బండికి రాశాం, స్టీరింగుకి రాశాం, గరిటెకి కూడా బొట్టు పెట్టాం. ఇంతమందికి అన్నం పెట్టే గ్యాసు నోట్లో కాస్త పసుపు పెట్టకపోతే ఎట్లా? కలశానికి పెట్టినట్టే పెట్టాను” అంది పిన్ని. తర్వాత నావైపు తిరిగింది. “అయినా ఆ నోరు విప్పి నా చేతికి ఇచ్చిందెవరు? ‘మీకు తెలియదు, నేను విప్పుతాను’ అని విప్పింది ఎవరు? పూజ అయ్యాక మళ్ళీ బిగించింది ఎవరు?”

నేను వాదించడానికి నోరు తెరిచాను. ఒక్క ముక్క దొరకలేదు. (అలాంటిది మళ్ళీ నా పెళ్ళినాడు ఒకసారి జరిగింది.)

ఆ మధ్యాహ్నమే సాయిబుగారు పాత వాషరు, గొట్టం ముక్క పట్టుకుని రైలెక్కి తెనాలి వెళ్ళి, అవే కొలతలవి కొత్తవి తెచ్చారు. టైరు ట్యూబు ముక్క కత్తిరించి వేద్దామని ఆయన అన్న మాట నిజమే గానీ నా ఒక్క చూపుతో విరమించుకున్నారు. కొత్తవి బిగించి మళ్ళీ నురగ పూశాం. ముగ్గురం మూడు తలలూ దగ్గర పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూశాం. నురగ నురగలాగే ఉంది. కానీ సిలిండరులో ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? సాయిబుగారు వేళ్ళతో కొట్టి చూసి సగం ఉందన్నారు, పిన్ని ఎత్తి చూసి అడుగంటిందంది. రేపల్లె సభ మర్నాడే.

రేపల్లెలో పెద్దమేడమ్ ముందు వరసలో, కుర్చీ బండికి ఇంకా దగ్గరగా లాగించుకుని కూర్చున్నారు. ఆ రోజు నేను వండాల్సింది మునగాకు పప్పు. పావుగంట పని. ఆవిడ చెయ్యెత్తి, “పప్పు వద్దు, ఉలవలు ఉడికించు” అన్నారు. ఉలవల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉడకడం మొదలుపెట్టామో లేదో కూడా అవి ఒక పట్టాన ఒప్పుకోవు. నేను పోషక విలువలు చెప్పాను. చెప్పినవే మళ్ళీ చెప్పాను. ఎడ్లకి పెట్టే గింజ మనుషులకి ఎందుకు మంచిదో వాదించాను, ఎవరూ కాదనకపోయినా. పిన్ని పొయ్యి పక్కన నిలబడి నందివెలుగు దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలుస్తోంది, ఈసారి పసుపు లేకుండా. మంట ఒకసారి వణికింది. సాయిబుగారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. గాలి తెర అది. మంట నిలబడింది.

పెద్దమేడమ్ లేచి వచ్చి, ఒక ఉలవ తీసి రెండు వేళ్ళ మధ్య నలిపారు. మెత్తగా నలిగింది.

“ఉడికింది” అన్నారు. “అంటే గ్యాసు ఉంది.”

“ఉందండి.”

“అంటే ఇదివరకు మీరే వాడుకున్నారన్నమాట. నేను గట్టిగా అనేసరికి మానేశారు.”

నేను జన్మలో విన్న వాదనల్లో అంత అందమైనది ఇంకొకటి లేదు. గ్యాసు అయిపోయినా దొంగనే, మిగిలినా దొంగనే. కారిందని చెప్పాను. “నీళ్ళు కారితే తడి ఉంటుంది. గ్యాసు కారిందంటే నీ మాటే కదా తడి” అన్నారు. పాత వాషరు చూపించాను. “పసుపు పూసిన రబ్బరు ముక్క ఎక్కడైనా దొరుకుతుంది” అన్నారు. బండి పక్క జిల్లాకి పోయినట్టే అనుకుని, వాషరు మళ్ళీ పొట్లం కడుతుంటే, ఆడవాళ్ళలోంచి ఒకావిడ మెల్లిగా లేచింది. అక్కడి రైసుమిల్లు వాళ్ళ కోడలు.

“కంపు ఎట్లా ఉంటుందన్నారండీ అది?”

చెప్పాను.

“మా వంటింట్లో అదే కంపండి. కొత్తగా గ్యాసు పెట్టించాం. ఎలక చచ్చిందని అటకంతా దింపేశాం, దొరకలేదు.”

“పొయ్యి పెట్టిన రోజు పసుపు రాశారా?”

“రాయకుండా ఎవరు వెలిగిస్తారండీ కొత్త పొయ్యి? మా అత్తగారు లోపలా బయటా రాశారు.”

సభ సభంతా లేచింది. ఉలవలు తినేవాళ్ళు లేక చల్లారిపోయాయి. మిల్లువాళ్ళ ఇంట్లో మంటలన్నీ ఆర్పించి, కిటికీలు తెరిపించి, కుంకుడు నురగ పూస్తే, సరిగ్గా ఆ చోటే బుడగలు. విప్పితే పచ్చటి వాషరు. పెద్దమేడమ్ పట్టుచీర చెంగు నడుముకి దోపుకుని, నేలకి వంగి, బుడగ బుడగా చూశారు. ఒక బుడగని వేలితో పొడిచి కూడా చూశారు, నిజమైనదేనా అని. ఈ ఇంట్లో నేను కాపురం పెట్టలేదని ఆవిడకి ఒప్పుకోక తప్పలేదు.

“బండి ఉండనీ” అన్నారు లేచి నిలబడుతూ. “ఉండనిచ్చానంటే నమ్మానని కాదు.”

ఆ తర్వాత నేను ఆ బండి మీద ఇంకా చాలా కాలం తిరిగాను. మునగాకు పప్పు కంటే కుంకుడు నురగకే ఎక్కువ పేరొచ్చింది మాకు. మొన్నీమధ్య తెనాలిలో ఒక పెళ్ళిలో పెద్దమేడమ్ కనిపించారు. రిటైరై చాలా ఏళ్ళయింది, చేతికర్ర వచ్చింది, కళ్ళజోడు మందమైంది. నన్ను పోల్చుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

“ఇప్పటికైనా చెప్పు అమ్మాయ్. ఆ గ్యాసు మీరు వాడుకున్నారా, లేదా?”

నా నాలిక చివర ఎన్నో జవాబులు లేచాయి. వాషరు, తీగ, రేపల్లె, బుడగలు, అన్నీ వరసగా. ఆవిడ ముఖం చూశాను. ఇన్నేళ్ళుగా ఒక్క ఒప్పుకోలు కోసం ఎదురుచూస్తున్న ముఖం.

“వాడుకున్నామండి” అన్నాను. “ముగ్గురం రోజూ కాఫీ కాచుకునేవాళ్ళం.”

“నాకు తెలుసు” అన్నారావిడ. ఎంత సంతోషంగా అన్నారంటే, పక్కవాళ్ళు పెళ్ళికూతురు వస్తోందేమోనని తిరిగి చూశారు.

కావాలని ఓడిపోయిన వాదన నా జన్మకి అదొక్కటే. ఇంటికి తిరిగొస్తుంటే నవ్వొచ్చింది, తర్వాత కొంచెం దిగులు కూడా వచ్చింది. ఇప్పుడు సాయిబుగారూ లేరు, పిన్నీ లేదు. ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకుని ఉండడంలోనే రోజులన్నీ గడిపేశాం గానీ, సూర్యలంక సముద్రానికి వెళ్ళే దారిలో ఎక్కడో ఆపి, వెనక తలుపులు తెరుచుకుని, నిజంగానే ఒక్కసారి కాఫీ కాచుకుని తాగి ఉండాల్సింది.